ప్రత్యేక విద్య టీచరు జీతం ఎవరి పద్దు?

2024 ఆగస్టు 1 నుంచి కర్ణాటక ప్రభుత్వోద్యోగుల జీతాలు పెరిగాయి. కె. సుధాకర్ రావు అధ్యక్షతన ఏర్పడిన ఏడో రాష్ట్ర వేతన సంఘం సిఫారసుల మేరకు పాత మూలవేతనానికి 31 శాతం కరువు భత్యం కలిపారు, 27.5 శాతం ఫిట్‌మెంటు జోడించారు. అట్టడుగున ఉన్న మూలవేతనం రూ. 17,000 కాస్తా రూ. 27,000 అయింది. లెక్క సులువే. 17,000లో 31 శాతం 5,270. 27.5 శాతం 4,675. మూడూ కలిపితే 26,945. దాన్ని 27,000గా సర్దారు. ఆ నెలలో రాయచూరు జిల్లాలోని ఏ సర్కారు బడిలోనైనా హెడ్మాస్టరు మొదలు గుమాస్తా దాకా తమ మూలవేతనాన్ని 1.585తో గుణించి చూసుకునే ఉంటారు.

అదే బడికి ఏ వారానికో ఒకసారి మోటారు సైకిలు మీద వచ్చే టీచరు ఒకరు ఉంటారు. చూపు లేని పిల్లాడి చేతికి బ్రెయిలీ పలక అందిస్తారు. వినపడని పిల్లకు సైగలు నేర్పుతారు. బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డకు చొక్కా గుండీ పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం నేర్పడమే ఆయన పాఠం. వీరినే ప్రత్యేక విద్య టీచర్లు అంటున్నాం. వీరిలో శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చిన రెగ్యులర్ టీచర్లు కొందరుంటారు. వాళ్లకు పెంపు వచ్చింది. కాంట్రాక్టు మీద తీసుకున్నవారికి మాత్రం వేతన సంఘం గుణకారంతో నిమిత్తం లేదు. ఇక పిల్లల్ని మరుగుదొడ్డికి తీసుకెళ్లి, చక్రాల కుర్చీ తోసి, అన్నం తినిపించే ఆయాల సంగతి చెప్పనే అక్కర్లేదు.

వీళ్ల జీతం పెంచాలన్న డిమాండు ఎప్పుడు వచ్చినా ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒక్కటే: ఖర్చెంత? న్యాయమైన ప్రశ్నే. ప్రభుత్వ డబ్బు ఆకాశం నుంచి ఊడిపడదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే, ఎంత అనేదానికన్నా ఏ పద్దు కింద అనేది పెద్ద సంగతిగా బయటపడుతుంది. లెక్క ఒక్కో మెట్టూ వేసుకుంటూ వెళ్దాం.

ఎంతమంది కావాలో చట్టం ఏమంది?

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 1995 నాటి పాత చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తిస్తే, ఇది ఇరవై ఒక్కటిని గుర్తించింది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న ప్రతి బిడ్డకూ 6 ఏళ్ల నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు అంది. మామూలు పిల్లలకు విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల దగ్గర ఆగిపోతుంది. వీరికి మరో నాలుగేళ్లు ఎక్కువ.

హక్కు కాగితం మీదికి వచ్చింది. చదువు చెప్పేవారు ఎంతమంది ఉండాలి? దీనికి జవాబు సుప్రీంకోర్టులో తేలింది. రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరు 28న ఇచ్చిన తీర్పు ప్రకారం, ప్రాథమిక తరగతుల్లో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక టీచరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒక టీచరు ఉండాలి. 2022 సెప్టెంబరులో కేంద్రం ఈ నిష్పత్తులను నోటిఫై చేసింది. అయినా చాలా రాష్ట్రాల్లో పోస్టులు మంజూరు కాలేదు. దాంతో 2025 మార్చి 7న కోర్టు మళ్లీ కల్పించుకుంది. ప్రతి రాష్ట్రమూ తన అవసరం లెక్కగట్టి పోస్టులు ప్రకటించాలని, ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద పనిచేస్తున్నవారి అర్హతలను స్క్రీనింగ్ కమిటీ పరిశీలించాలని ఆదేశించింది.

అర్హత అంటే ఇక్కడ మామూలు బీఎడ్ చాలదు. భారత పునరావాస మండలి గుర్తించిన ప్రత్యేక విద్య డిప్లొమా గానీ డిగ్రీ గానీ ఉండాలి, ఆ మండలి రిజిస్టరులో పేరుండాలి. అంటే రోడ్డున పోయే ఎవరినో తెచ్చి కూర్చోబెట్టే ఉద్యోగం కాదిది. చదువుకున్నవాళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. జీతం లెక్కలో ఈ సంగతి మళ్లీ మనకు పనికొస్తుంది.

డబ్బు ఏ కాలువలో వస్తుంది?

రాయచూరు జిల్లా రైతుకు కాలువల సంగతి చెప్పక్కర్లేదు. తుంగభద్ర ఎడమ కాలువ నీటి కోసం ఆంధ్ర నుంచి వచ్చి సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో క్యాంపులు కట్టుకున్న కుటుంబాలకు అసలే చెప్పక్కర్లేదు. డ్యాములో నీళ్లెన్ని ఉన్నా మన పొలానికి ఏ తూము తెరిచారన్నదే లెక్క. ఈ జీతాలదీ అదే దారి.

మొదటి కాలువ సమగ్ర శిక్ష. 2018లో మొదలైన ఈ పథకంలో కర్ణాటకలాంటి రాష్ట్రాలకు కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. 2021 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు అయిదేళ్లకు దీనికి అనుకున్న మొత్తం రూ. 2,94,283 కోట్లు. అందులో కేంద్ర వాటా రూ. 1,85,398 కోట్లు. ఏ పనికి ఎంతన్నది ప్రతి ఏడూ రాష్ట్రం ప్రణాళిక పంపాలి, ఢిల్లీలోని ఆమోద మండలి ఒప్పుకోవాలి. కాంట్రాక్టు టీచరు జీతం ఆ ప్రణాళికలో ఒక వరుస. ఏటా కొత్తగా రాయాల్సిన వరుస.

ఇదే పథకంలో ప్రత్యేక అవసరాలున్న ఒక్కో బిడ్డకు ఏడాదికి రూ. 3,500 దాకా కేటాయింపు ఉంది. ఉపకరణాలు, తోడు వచ్చేవారి భత్యం, ప్రయాణ భత్యం, ఆడపిల్లలకు నెలకు రూ. 200 చొప్పున పది నెలల ఉపకార వేతనం వంటివాటికి అది. పేపర్లో ఈ అంకె చూసి, పిల్లల పేరిట బోలెడు డబ్బు వస్తోందని అనుకునేవారున్నారు. ఒకసారి గుణించి చూద్దాం. పదిమంది పిల్లలకు కలిపి ఏడాదికి రూ. 35,000. ఒక టీచరుకు నెలకు రూ. 20,000 ఇస్తారనుకుంటే ఏడాదికి రూ. 2,40,000. తలసరి డబ్బుతోనే ఆ జీతం ఇవ్వాలంటే 69 మంది పిల్లల వాటా ఊడ్చిపెట్టాలి. ఒక్కరికీ వినికిడి యంత్రం గానీ చక్రాల కుర్చీ గానీ మిగలదు. కోర్టు చెప్పింది పదిమందికి ఒక టీచరు. కాబట్టి తలసరి గ్రాంటు టీచరును నిలబెట్టలేదు. టీచరుకు వేరే పద్దు ఉండి తీరాలి.

రెండో కాలువ స్వచ్ఛంద సంస్థలు నడిపే ప్రత్యేక పాఠశాలలది. కర్ణాటకలో దివ్యాంగుల సంక్షేమ శాఖ 'శిశు కేంద్రిత' పథకం కింద ఇలాంటి బడులకు పిల్లల తలల లెక్కన డబ్బిస్తుంది. ఇక్కడ చిక్కు ఇంకో రకం. బిడ్డ ఇల్లు మారినా, జబ్బుపడి నెల్లాళ్లు రాకపోయినా గ్రాంటు తగ్గుతుంది. టీచరు పని తగ్గుతుందా? పదిమందిలో ఇద్దరు రాకపోతే మిగతా ఎనిమిది మందికి సగం టీచరు చాలడు కదా. తలలను బట్టి డబ్బు, మనిషిని బట్టి ఖర్చు. ఈ రెండింటి మధ్య తేడాను ఎవరో ఒకరు భరించాలి. ఎక్కువసార్లు భరించేది టీచరే.

మూడో కాలువ మన ప్రాంతానికి ప్రత్యేకం. రాజ్యాంగంలోని 371(జె) అధికరణం ఆధారంగా ఏర్పడిన కల్యాణ కర్ణాటక ప్రాంతాభివృద్ధి మండలి ఏడు జిల్లాలకు నిధులిస్తుంది. 2025-26 బడ్జెట్‌లో దానికి రూ. 5,000 కోట్లు చూపించారు. కాగితం మీద ఇదే అన్నిటికన్నా నిండైన కాలువ. కానీ ఇలాంటి నిధులు సహజంగా గోడలవైపే పారతాయి. గది కడితే ఒకసారి ఖర్చు, శిలాఫలకం మిగులుతుంది. జీతం ఏటేటా ఇవ్వాలి, దానికి రిబ్బను కత్తిరించే రోజంటూ ఉండదు. తాలూకా కేంద్రంలో పిల్లల కోసం మంచి గది కట్టి, ర్యాంపు వేసి, గోడల మీద బొమ్మలు గీయించడం కష్టం కాదు. ఆ గది తాళం రోజూ తీసే మనిషికి జీతం చూపించడమే కష్టం.

లెక్క ఒకటి: నెలకు అయిదు వేలు పెంచితే

ఇప్పుడు ఒక ఊహా తాలూకా తీసుకుందాం. ఇది దేవదుర్గ కాదు, లింగసుగూరు కాదు, లెక్క కోసం గీసుకున్న తాలూకా. ప్రాథమిక తరగతుల్లో 300 మంది, ఆపై తరగతుల్లో 150 మంది ప్రత్యేక అవసరాల పిల్లలున్నారనుకుందాం. కోర్టు నిష్పత్తి ప్రకారం అక్కడ 30, ఇక్కడ 10, మొత్తం 40 మంది టీచర్లు కావాలి. వాళ్లంతా ఉన్నారనీ, ఒక్కొక్కరికి రూ. 20,000 వస్తోందనీ అనుకుందాం.

నెలకు రూ. 5,000 పెంచితే 40 మందికి 12 నెలలకు రూ. 24 లక్షలు. ఆమోద మండలి ఈ పెంపును ఒప్పుకుంటే కేంద్రం రూ. 14.4 లక్షలు, రాష్ట్రం రూ. 9.6 లక్షలు భరిస్తాయి. ఒప్పుకోకపోతే? పాత జీతం వరకే కేంద్రం 60 శాతం ఇస్తుంది. పెంచిన రూ. 24 లక్షలూ రాష్ట్రం నెత్తినే పడతాయి. అంటే ఒకే పెంపు రాష్ట్రానికి ఒక దారిలో రూ. 9.6 లక్షలు, ఇంకో దారిలో రూ. 24 లక్షలు. 'మేం పెంచుదామనే అనుకున్నాం' అని బెంగళూరు, 'మేం ఇచ్చేది ఇస్తూనే ఉన్నాం' అని ఢిల్లీ అనడం విన్నప్పుడు ఈ రెండంకెలు గుర్తుంచుకోండి. ఇద్దరూ అబద్ధం ఆడకపోవచ్చు. నడుమ ఉన్న రూ. 14.4 లక్షల సంగతే ఇద్దరూ ఎత్తరు.

ఇంకో మెలిక ఉంది. ఈఎస్ఐ వైద్య సదుపాయం కింద ఉన్నవారికి జీత పరిమితి నెలకు రూ. 21,000, దివ్యాంగ ఉద్యోగులకు రూ. 25,000. రూ. 20,000 జీతం రూ. 25,000 అయితే మామూలు ఉద్యోగి ఆ గీత దాటేస్తారు. నడుస్తున్న చందా కాలం ముగిశాక ఈఎస్ఐ పోతుంది. అయిదు వేలు పెరిగిందన్న సంబరం, ఇంట్లో ఒకరు ఆసుపత్రి పాలైతే నిలవదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టన్నమాట. పెంచేవారు దానికి బదులు ఆరోగ్య బీమా కూడా చూపితేనే అది నిజమైన పెంపు.

పెట్రోలు లెక్క కూడా వేసుకోవాలి. తీవ్ర వైకల్యం వల్ల మంచం దిగలేని పిల్లలకు ఇంటికే వెళ్లి చదువు చెప్పాలి. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య పరచుకున్న ఈ జిల్లాలో ఊరికీ ఊరికీ దూరం ఎక్కువ, బస్సులు తక్కువ. నెలకు పదిహేను రోజులు, రోజుకు 60 కిలోమీటర్లు తిరిగితే 900 కిలోమీటర్లు. లీటరుకు 50 ఇచ్చే బండికి 18 లీటర్లు. లీటరు వంద అనుకున్నా రూ. 1,800. బండి టైర్లు, రిపేర్లు దీనికి అదనం. ప్రయాణ భత్యం విడిగా ఇవ్వకుండా రెండు వేలు జీతం పెంచితే, ఆ పెంపు టీచరు ఇంటికి చేరదు. దారిలో బంకు దగ్గరే దిగిపోతుంది.

లెక్క రెండు: ఆయాకు రెండు వేలు

టీచర్లకు కోర్టు ఒక నిష్పత్తి చెప్పింది. ఆయాలకు అలాంటి అంకె లేదు. అర్హత నియమం లేదు, చాలాచోట్ల పోస్టూ లేదు. ఉన్నచోట ఏజెన్సీ ద్వారానో, గౌరవ వేతనం మీదో ఉంటారు.

ఏజెన్సీ ద్వారా పనిచేసే ఆయా జీతం రూ. 8,000 నుంచి రూ. 10,000 చేశారనుకుందాం. యజమాని వాటా కింద పీఎఫ్, దాని బీమా, నిర్వహణ ఛార్జీలతో కలిపి 13 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం. రెండు వేలకు అవి రూ. 260, రూ. 65. కాబట్టి ప్రభుత్వానికి పడే ఖర్చు నెలకు రూ. 2,325. ఏజెన్సీ కమీషను దీనికి అదనం. ఆయా వాటాగా పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 0.75 శాతం, మొత్తం రూ. 255 కోత. చేతికి వచ్చేది రూ. 1,745.

ఖజానా నుంచి 2,325 వెళితే ఇంటికి 1,745 చేరింది. మధ్యలో ఉన్నదంతా దుబారా కాదు. పీఎఫ్ ఆమె ముసలితనానికి దాచినది, ఈఎస్ఐ ఆమె జబ్బుకు దాచినది. అయితే ఆ దాపు నిజంగా ఆమె ఖాతాలో పడుతోందా అని చూసే బాధ్యత కూడా పెంచినవారిదే. జీతం పెంచామని చెప్పే ఉత్తర్వులో ఈ మాట రాయించడానికి పైసా ఖర్చవదు.

లెక్క మూడు: పోస్టు ఇచ్చేస్తే

ఇప్పుడు అసలు పెద్ద లెక్క. కాంట్రాక్టు టీచర్లను రెగ్యులర్ చేస్తే? కర్ణాటకలో ప్రాథమిక పాఠశాల టీచరు మూలవేతనం పాత స్కేలులో రూ. 25,800 దగ్గర మొదలయ్యేది. దాన్ని 1.585తో గుణిస్తే రూ. 41 వేల దగ్గర తేలుతుంది. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం కలుపుకొని ఒక్కో టీచరుకు నెలకు రూ. 50,000 అనుకుందాం. ఇప్పటి రూ. 20,000తో తేడా రూ. 30,000. మన ఊహా తాలూకాలో 40 మందికి ఏడాదికి రూ. 1.44 కోట్లు. జిల్లాలో పాత అయిదు తాలూకాలూ ఇలాగే ఉన్నాయనుకుంటే రూ. 7.2 కోట్లు.

పెద్ద మొత్తమే. కానీ పక్కన ఇంకో అంకె పెట్టి చూడాలి. ఏడో వేతన సంఘం పెంపు వల్ల రాష్ట్ర ఖజానాపై ఏటా పడుతుందని ప్రభుత్వం చెప్పిన అదనపు భారం రూ. 20,208 కోట్లు. 2025-26 రాష్ట్ర బడ్జెట్ రూ. 4,09,549 కోట్లు. ఈ అంకెల పక్కన 7.2 కోట్లు పప్పులో ఉప్పంత. అది భరించలేని భారమని ఎవరైనా అంటే, లెక్క వేసి చూపమని అడగవచ్చు.

మరి ఎందుకు ఇవ్వరు? పోస్టు అంటే ఒక్క ఏడాది ఖర్చు కాదు, ముప్పై ఏళ్ల మాట. పిల్లల సంఖ్య తగ్గినా పోస్టు తగ్గదు. ఇంకా ఒక భయం ఉంది: ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు. అంగన్‌వాడీ కార్యకర్తలు, బిసియూట (బడి మధ్యాహ్న భోజనం) వంటవాళ్లు, అతిథి టీచర్లు అందరూ వరుసలో ఉన్నారు. 2025-26 బడ్జెట్‌లో అతిథి టీచర్లకు రూ. 2,000, వంటవాళ్లకు రూ. 1,000 పెంచారు. ఇలా కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవడం ప్రభుత్వానికి తేలిక. ఎవరినీ పూర్తిగా కాదనకుండా, ఎవరికీ పూర్తిగా ఇవ్వకుండా బండి నడుస్తుంది.

ఈ భయాన్ని తీసిపారేయనక్కర్లేదు. కానీ రెండు సంగతులు తూకం వేయాలి. ఒకటి, ఉమాదేవి కేసు. 2006 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పు కర్ణాటక ప్రభుత్వ దినసరి ఉద్యోగుల గురించే. తాత్కాలికంగా చేరినంత మాత్రాన ఉద్యోగం ఖాయం చేయమనే హక్కు రాదంది. అయితే మంజూరైన పోస్టులో పదేళ్లకు పైగా, కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పనిచేసిన అర్హులకు ఒక్కసారికి దారి చూపింది. అక్కడ కీలకమైన మాట 'మంజూరైన పోస్టు'. పోస్టే లేని చోట ఇరవై ఏళ్లు పనిచేసినా ఆ దారి తెరుచుకోదు. ప్రత్యేక విద్య టీచర్లకు 2025 నాటి ఆదేశం ఎందుకంత ముఖ్యమో ఇప్పుడు అర్థమవుతుంది. అది ముందు పోస్టు సృష్టించమంది.

రెండు, 371(జె). ఈ అధికరణం కింద కల్యాణ కర్ణాటకలో గ్రూప్-సి స్థానిక పోస్టుల్లో 80 శాతం, గ్రూప్-డి పోస్టుల్లో 85 శాతం ఈ ప్రాంతంవారికే. ప్రాథమిక టీచర్లు గ్రూప్-సి. పోస్టు ఉంటేనే ఈ రిజర్వేషన్‌కు ప్రాణం. ఏడాదికోసారి రాసే కాంట్రాక్టు వరుసకు రోస్టరు ఉండదు. మన పిల్లలకు మన మాటలో చెప్పగల టీచరు కావాలంటే ఈ దారి మేలు. క్యాంపుల్లోని తెలుగు ఇళ్ల పిల్లలను చూడండి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. మామూలు బిడ్డ రెండేళ్లలో రెండూ పట్టేస్తాడు. మాట ఆలస్యమైన బిడ్డకు, బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డకు ఒక భాషే కొండ. 'నీళ్లు' అన్నా 'నీరు' అన్నా అర్థం చేసుకుని, రెండింటి మధ్య వంతెన వేసే టీచరు బెంగళూరు నుంచి బదిలీ మీద రాడు. ఇక్కడ పుట్టి పెరిగినవాడై ఉండాలి, ఇక్కడే నిలబడాలి.

నదికి అవతల ఏం జరిగిందో కూడా చూద్దాం. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే, వాటిలో ప్రత్యేక విద్యవి 220 స్కూల్ అసిస్టెంటు, 796 ఎస్జీటీ పోస్టులు. ఆంధ్రప్రదేశ్ 2025 ఏప్రిల్‌లో 2,260 ప్రత్యేక విద్య పోస్టులు మంజూరు చేసింది. అందులో 1,136 ఎస్జీటీలు, 1,124 స్కూల్ అసిస్టెంట్లు. ఒక్కో పోస్టుకు నెలకు రూ. 50,000 అనుకున్నా ఆంధ్రకు ఏటా పడేది రూ. 135.6 కోట్లు. మండలాల్లో ఈ పిల్లల కోసం భవిత కేంద్రాలు ఏళ్లుగా ఉన్నా, వాటిలో పనిచేసేవారు పథకం మీద వేలాడుతూనే వచ్చారు. ఇప్పుడు వేరే పద్దు తెరుచుకుంది.

పథకం మీద వేలాడితే ఏమవుతుంది?

తమిళనాడు అనుభవం చూస్తే చాలు. పీఎంశ్రీ అనే కేంద్ర పథకం ఒప్పందం మీద సంతకం చేయలేదన్న కారణంతో 2024-25లో సమగ్ర శిక్ష కింద కేంద్ర వాటా ఆ రాష్ట్రానికి ఆగిపోయింది. తప్పు ఎవరిదన్నది రాజకీయ నాయకుల వాదన. ఆ పథకం మీద జీతాలు తీసుకునేవారికి మాత్రం వాదనలు అన్నం పెట్టవు. పోస్టు ఉన్న టీచరు జీతానికి ఢిల్లీ, చెన్నై తగాదాతో సంబంధం ఉండదు. పథకం మీద ఉన్నవారికి ప్రతి తగాదా నెలాఖరు సమస్యే.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో 1975లో దివ్యాంగ బాలల విద్య చట్టం చేస్తూ, వాళ్ల చదువుకయ్యే అదనపు ఖర్చు కోసం, ఒక్కో విద్యార్థిపై అయ్యే సగటు ఖర్చులో 40 శాతం దాకా ఫెడరల్ ప్రభుత్వం భరించాలన్న లక్ష్యం పెట్టుకున్నారు. యాభై ఏళ్లయినా ఆ గీతను ఏనాడూ అందుకోలేదు. మిగిలింది రాష్ట్రాలు, స్థానిక బడుల మీద పడింది. హక్కు ఇచ్చేది పైవాడు, ఖర్చు రాసుకునేది కిందివాడు. భాష మారినా లెక్క మారలేదు.

ఏ పద్దులోనూ లేని ఖర్చు

ఇంతవరకు వేసిన లెక్కలన్నీ సర్కారు పుస్తకంలోవి. ఇంకో పుస్తకం ఉంది, దాన్ని ఎవరూ తెరవరు.

నడవలేని పదేళ్ల పిల్లను బడిలో చేర్చుకున్నారనుకుందాం. ఆయా లేదు. మధ్యాహ్నం మరుగుదొడ్డికి ఎవరు తీసుకెళ్తారు? 'అమ్మా, నువ్వే ఉండిపో' అంటారు. తల్లి బడి అరుగు మీద కూర్చుంటుంది. ఆమె రాయచూరు పత్తి చేలల్లో, సింధనూరు వరి మడుల్లో, మిరప కోతల్లో కూలికి వెళ్లే మనిషి. కర్ణాటకలో ఉపాధి హామీ పనికి 2025-26లో రోజు కూలి రూ. 370. నెలకు 22 బడి రోజులంటే రూ. 8,140. ఆ కూలి ఆమె వదులుకుంటుంది.

ఇదే బడిలోనో, పక్క బడిలోనో అలాంటి పిల్లలు నలుగురుంటే నలుగురు తల్లులు నెలకు వదులుకునే కూలి రూ. 32,560. వాళ్లందరినీ చూసుకోగల ఒక్క ఆయాకు, జీతం పది వేలకు పెంచి, పీఎఫ్, ఈఎస్ఐ కట్టినా ప్రభుత్వానికి అయ్యేది రూ. 11,625. మూడోవంతు పైచిలుకు. ఊరి మొత్తం మీద చూస్తే ఏది దుబారా?

తల్లి కూలి వదులుకోలేకపోతే ఇంకో దారి మిగులుతుంది. పిల్ల ఇంట్లోనే ఉంటుంది. రిజిస్టరులో పేరుంటే ఉంటుంది, హాజరు మాత్రం పడదు. అప్పుడు ఖర్చు సున్నా అని పుస్తకం చూపిస్తుంది. 2011 జనాభా లెక్కల్లో 59.56 శాతం అక్షరాస్యతతో రాష్ట్రంలో వెనుక వరుసలో నిలిచిన ఈ జిల్లాకు ఆ సున్నా చాలా పాత పరిచయం.

టీచరు మారిపోవడం కూడా ఇలాగే పుస్తకంలో కనిపించని ఖర్చు. పునరావాస మండలి రిజిస్టరులో పేరున్న టీచరుకు హైదరాబాదులోనో బెంగళూరులోనో ప్రైవేటు బడి రెట్టింపు ఇస్తామంటే వెళ్లిపోతారు, తప్పు పట్టలేం. కానీ ఆటిజం ఉన్న బిడ్డ ఒక మనిషి ముఖానికి, గొంతుకు అలవాటు పడటానికి ఆరు నెలలు పట్టవచ్చు. టీచరు మారితే ఆ ఆరు నెలలూ మళ్లీ మొదటి నుంచి. బిడ్డ వయసు మాత్రం వెనక్కి రాదు.

పెంపు వార్త చదివినప్పుడు

రేపు పేపర్లో 'ప్రత్యేక విద్య సిబ్బందికి వేతన పెంపు' అని శీర్షిక కనిపిస్తే, రూపాయల అంకె దగ్గర ఆగిపోకండి. ఆ డబ్బు ఏడాదికోసారి ఆమోదం పొందాల్సిన పథకం వరుసలోనిదా, మంజూరైన పోస్టుకా? కేంద్రం తన 60 శాతం ఒప్పుకుందా, లేక పెంపంతా రాష్ట్రం మీదేనా? పది నెలలకా, పన్నెండు నెలలకా? ప్రయాణ భత్యం, వైద్యం విడిగా ఉన్నాయా, అందులోనే కలిపేశారా? ఆయా ఆ ఉత్తర్వులో ఉందా? ఈ మాటలు తాలూకా విద్యాధికారి కార్యాలయంలో ఎవరైనా అడగవచ్చు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రుసుము పది రూపాయలు.

ఖర్చెంత అన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకోవచ్చు. ఈ పిల్లల్ని చూసుకోవడానికి అయ్యే ఖర్చు ఇవాళ కూడా అవుతూనే ఉంది. టీచరు తన పెట్రోలులో, ఆయా తన ముసలితనంలో, తల్లి తన కూలిలో దాన్ని కడుతున్నారు. జీతం పెంచడమంటే కొత్త ఖర్చు పుట్టించడం కాదు. బడి అరుగు మీద కూర్చున్న తల్లి పద్దులోంచి తీసి, అది ఉండాల్సిన పద్దులో రాయడం.